మా అవ్వ, వాళ్ళ ఆయి

కరీంనగర్‌లో మేముండే వీధిలో ముసలివాళ్ళకు కావలసినవన్నీ ఫోన్ చేస్తే ఇంటికే వస్తాయి. పరీక్షకు రక్తం తీసుకునేవాళ్ళు పరగడుపున వచ్చి గేటు కొడతారు. గాలి పరుపు, చక్రాల కుర్చీ, తల వైపు పైకి లేచే మంచం కిరాయికి దొరుకుతాయి. ఫిజియోథెరపీ ఆయన స్కూటర్ మీద వచ్చి మా అవ్వ కాళ్ళు వంచి, చాచి, ఆమె తిట్లు తిని, చాయ్ తాగి వెళ్తాడు. అన్ని ఊళ్ళలోనూ ఇట్లాగే ఉంటుందని నేను అనుకునేదాన్ని. అనుకోవడానికి పెద్ద కారణమేం లేదు. మనకు దొరికేది అందరికీ దొరుకుతుందనే అనుకుంటాం.

అవ్వ, అంటే మా అమ్మ, బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాక ఇవన్నీ నాకు తెలిసివచ్చాయి. ఆపరేషన్ బాగానే అయ్యింది కానీ ఆమె మళ్ళీ నడవలేదు. నేను చొప్పదండి దగ్గర బడిలో తెలుగు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు. ఆ దిగులు నాకంటే మా బంధువులకే ఎక్కువ. పొద్దున నేను బస్సెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా అవ్వ దగ్గర ఎవరుండాలి? ఇళ్ళల్లో ఉండి రోగులను చూసుకునే మనుషులను పంపే ఏజెన్సీ ఒకటి ఉందని ఎవరో చెబితే, దానికీ ఒక ఫోన్ చేశాను. రెండ్రోజుల్లో ఆమె వచ్చింది.

నలభై దాటని మనిషి. చేతిలో ఒక సంచి, అందులో బట్టలు, ఒక మూట జొన్నపిండి. భైంసా అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న పల్లె వాళ్ళది. భర్త పోయాక తల్లిగారింటికి తిరిగి వచ్చింది. కూతురు నిర్మల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. వాళ్ళది తెలుగిల్లే అయినా ఊళ్ళో సగం మంది మరాఠీవాళ్ళు కావడంతో తల్లిని 'ఆయి' అని పిలుస్తుంది. వెక్కిరించడానికి మా అవ్వకు ఇది దొరికింది.

"నువ్వు నాకు ఆయావు, మీ అవ్వ నీకు ఆయి. మీ దిక్కు అందరు గా ఒక్క అచ్చరం మీదనే బతుకుతరా బిడ్డా?"

"నీ లెక్క అన్నిటికి అవ్వా అవ్వా అని ఒర్లుమంటవా? జర పక్కకు తిరుగు, ఈపు చూడాలె," అనేది ఆమె.

మా అవ్వ పెళ్ళయిన కాడినుంచి మరమగ్గాలకు నూలు కండెలు చుట్టింది. మగ్గాల చప్పుడులో అరిచి మాట్లాడడం అలవాటై, ఇంట్లో కూడా అరిచే మాట్లాడుతుంది. ఆమెను అదుపులో పెట్టిన మనిషిని నా యాభై అయిదేళ్ళ బతుకులో అప్పుడే చూశాను. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పటికే అవ్వ నడుం కింద పడక పుండు పడింది. ఈమె రోజూ దాన్ని సెలైన్ నీళ్ళతో కడిగేది, ఆరనిచ్చేది, గాజుగుడ్డ పెట్టి పట్టీ వేసేది. గంటగంటకూ పక్క మార్చేది. నేను చూడలేక వంటింట్లోకి పోయేదాన్ని. దసరా నాటికి ఆ పుండు మానింది. ఫిజియోథెరపీ ఆయన కూడా మెచ్చుకున్నాడు.

సాయంత్రం నేను వచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుని వాళ్ళ ఆయికి వీడియో కాల్ చేసేది. ఆయికి ఫోన్ వాడడం రాదు, పక్కింటామె పట్టుకుని చూపించేది. దీపావళి దాటాక ఒకరోజు నేను చాయ్ తీసుకుని వెళ్ళేసరికి ఆమె గొంతు పెంచింది.

"ఆయీ, కాలుకు గా బట్ట ఏంది? ఇప్పి చూపియ్యి."

"ఏం లేదే. ముల్లు గుచ్చుకున్నది. పసుపు పెట్టిన."

"ఇప్పుమన్న గదా!"

పక్కింటామె ఫోన్ కిందికి దించి, పాత చీర పేలిక విప్పింది. నేనూ వంగి చూశాను. చిటికెన వేలు నల్లబడి ఉంది. దాని చుట్టూ పాదం ఉబ్బి నిగనిగలాడుతోంది. ఫోన్ పెట్టేశాక ఆమె నా చేతిలో చాయ్ అందుకుని మెట్టు మీద పెట్టేసింది.

"షక్కర్ ఉన్నోళ్ళ కాలు అక్కా అది," అంది. "గిట్లనే వదిలేస్తె కాలు తీసేస్తరు. నేను ఆస్పత్రిల పనిచేసినప్పుడు చూసిన. దినాం కడిగి కట్టేటోళ్ళు ఉంటె బతుకుతది కాలు. ఆడ ఎవలున్నరు?"

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చిన ఆలోచన ఆ ముసలామె కాలు గురించి కాదు. ఈమె వెళ్ళిపోతే సోమవారం బడికి ఎట్లా అని. అది మనసులోనే ఉంచుకున్నాను కానీ, మా అవ్వకు నా మొహం చదవడం బాగా వచ్చు.

"పరేషాన్ ఎందుకు? మీ ఆయిని ఈడికే తోలుకరా. నా పక్కకు ఇంకొక మంచం పడ్తది," అంది లోపలి నుంచి.

"రాదు అవ్వా. కొడుకు ఉండంగ బిడ్డ దగ్గర ఎట్లుంటది?"

ఈ పట్టింపు మా దిక్కూ ఉంది. కొడుకున్న తల్లి బిడ్డ దగ్గరికి, అంటే కూతురి దగ్గరికి, పండక్కి వచ్చి పోవచ్చు, పురుడు పోయడానికి వచ్చి పోవచ్చు. మంచాన పడి ఉండిపోతే మాత్రం ఆ కొడుకును ఊరు ఉతికి ఆరేస్తుంది. ఈమె అన్న దుబాయిలో డ్రైవరు. అతని పేరు చెప్పుకునే ఆ తల్లి ఊళ్ళో తలెత్తుకుని తిరుగుతుంది.

రెండో శనివారం ఆమె ఊరికి బయలుదేరితే, నేనూ బయలుదేరాను. మా అవ్వ హుకుం అది. "అది ఒక్కతె పోతె ఒక్కతె వస్తది. నువ్వు పంతులమ్మవు, కండ్లద్దాలున్నయి, నువ్వు చెప్తె ఇంటదేమో," అంది. ఆ రెండు రోజులు అవ్వ దగ్గర ఉండడానికి మా పిన్ని కూతురు ఒప్పుకుంది.

కొండగట్టు గుడి కమాను దాటుతుంటే బస్సు కిటికీలోంచే ఆమె దండం పెట్టుకుంది. జగిత్యాల, నిర్మల్, అక్కడి నుంచి భైంసా. దారి పొడుగునా పత్తి లారీలే. చెట్ల కొమ్మలకు కూడా పత్తి పింజలు తగులుకుని ఉన్నాయి. భైంసా నుంచి ఆటోలో పల్లెకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. ఊళ్ళో మనిషి అలికిడి లేదు. ఇళ్ళన్నిటికీ బయట గొళ్ళాలు. సర్కారు దవాఖానా సబ్ సెంటర్ తలుపుకూ తాళం. నాలుగు ఊళ్ళకూ ఒక్కతే సిస్టర్, ఈ ఊరికి మళ్ళీ బుధవారం వస్తుందట. కాలు కడిగి కట్టడానికి కాకపోయినా, కనీసం పూటపూటకూ షుగర్ గోళీ వేసుకుందో లేదో అడగడానికైనా ఊళ్ళో ఎవరినన్నా పెట్టుకుందామని నేను దారంతా ఆలోచిస్తూ వచ్చాను. పొద్దుగూకాక పక్కింటామె చేను నుంచి తిరిగి వచ్చినప్పుడు ఆ మాటే అడిగితే, ఒళ్ళంతా అంటుకున్న పత్తి దులుపుకుంటూ నవ్వింది.

"పత్తి ఏరుడు అయ్యేదాక మేము మనుషులం కాదు మేడం. మా ఇంట్ల పసిపోరినే ఊయలల ఏసి చేనుకాడ కట్టుకుంటున్న."

మేము చేరేసరికి ఆయి మాత్రం ఇంట్లోనే ఉంది. కాలు చాపుకుని వాకిట్లో కూర్చుని, పింజల్లోంచి ఆకుముక్కలు ఏరుతోంది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. నన్ను చూసి కాలు చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. చేతులు కడుక్కుని నాకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టేదాకా ఇంకో మాట మాట్లాడనివ్వలేదు.

తిన్నాక, ఆపి ఉంచిన ఆటోలోనే ఆమెను భైంసాలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ఓపిగ్గా చూశాడు. వేలు తీయాల్సి వస్తుందనీ, ఆ తర్వాత రోజూ కడిగి కట్టుకట్టాలనీ, షుగర్ సూది తప్పకూడదనీ, నెలల తరబడి చూసుకోవాలనీ చెప్పాడు. పెద్దాస్పత్రి కావాలంటే నిజామాబాద్ గానీ నాందేడ్ గానీ పొమ్మన్నాడు. ఇంట్లో ఎవరు కడతారు అని ఆయన అడిగితే ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఒకామె ఆ పని రోజూ చేస్తుంది. కరీంనగర్‌లో, మా అవ్వకు.

ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చున్నాక నేను మొదలుపెట్టాను. మా ఇంట్లో చోటుంది, ఆస్పత్రి దగ్గర, నీ బిడ్డే చేస్తుంది, మా అవ్వకు తోడుంటావు అని రకరకాలుగా చెప్పాను. ముప్పై ఏళ్ళుగా పిల్లల చేత ఒప్పించుకున్న గొంతు నాది. ఆమె అంతా విని, "మంచిగ మాట్లాడ్తవు మేడం," అంది. "మల్ల నా బిడ్డ కూలి చేసేకాడికి వచ్చి నేను మంచమేస్కోని పండాల్నా? ఊరు ఏమంటది? కొడుకు దుబాయిల ఉండి తల్లిని బిడ్డ మీదికి తోలిండంటరు. నా కొడుకు ఇజ్జత్ నా కాలు కన్న పెద్దది."

నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే పుస్తకాల భాష పోయి మా అవ్వ భాష వస్తుంది.

"కాలు తీసేసినంక గా ఇజ్జత్ ఎవలు మోస్తరు? నీ కొడుకు వచ్చి మోస్తడా?"

బిడ్డ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆయి చాట ఒళ్ళోకి లాక్కుంది. చాటలోని పత్తి వైపు చూస్తూ కూర్చుంది. అనకూడని మాట అన్నానని నాకు తెలుస్తూనే ఉంది, కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అప్పుడు బిడ్డ లేచి వాళ్ళ అన్నకు వీడియో కాల్ కలిపింది. దుబాయిలో ఇంకా పొద్దుంది. కాలు సంగతి, డాక్టరు చెప్పిన సంగతి, తల్లి మొండితనం అన్నీ చెప్పింది. అతను అంతా విన్నాడు. తర్వాత, "ఆయికి ఫోన్ ఇయ్యి," అన్నాడు.

ఆయి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది. నేను ఆమె భుజం వెనక ఉన్నాను. అతను ఫోన్‌ను తనున్న ఇంటి లోపలి వైపు తిప్పాడు. పెద్ద హాలు, ఎర్ర తివాచీ, దాని మీద చక్రాల కుర్చీలో తెల్లటి అంగీ వేసుకున్న పండు ముసలాయన. మోకాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కునుకు తీస్తున్నాడు.

"చూసినవా ఆయీ? నేను బండి నడుపుడు బందువెట్టి చాన దినాలాయె. ఇప్పుడు గీయనను చూసుకునుడే నా పని. తానం చేపిస్త, తినిపిస్త, ఎత్తి పండవెడ్త. నీకు చెప్పలే. డ్రైవరంటెనే నీకు మంచిగుంటదని."

ఆయి ఫోన్‌ను ఇంకొంచెం దగ్గరికి తెచ్చుకుంది. "గాయనకు కొడుకులు లేరా?"

"ఉన్నరు. నలుగురు."

"మల్ల?"

"పొద్దుగాల వచ్చి నెత్తి మీద ముద్దువెట్టి పోతరు. గాయన ఇజ్జత్‌కు ఏం కాలే, గా కొడుకుల ఇజ్జత్‌కు ఏం కాలే. ఆయనకు గూడ షక్కరే ఆయీ. కాలుకు పుండయితె నేనే కడిగి కట్టిన." అతను ఫోన్ మళ్ళీ తన వైపు తిప్పుకున్నాడు. "నీ కాలు కడుగ నాకు చెయ్యందది. చెల్లెకు అందుతది. పో ఆయీ. నేను పొమ్మన్ననని ఊరందరికి చెప్పు."

ఆయి కొంగుతో ఫోన్ అద్దం తుడిచింది. తర్వాత చాలా మామూలుగా, పక్కింటి మనిషిని గురించి అడిగినట్టు అడిగింది.

"గాయన కాలు ఎట్లున్నదిరా?"

"మానింది ఆయీ."

ఆమె ఫోన్ బిడ్డకు ఇచ్చేసి, చాట పక్కన పెట్టి, లేవడానికి గోడ పట్టుకుంది. "తీస్కపోను జొన్నలు పట్టియ్యాలె. పిండిగిర్ని బందువెడ్తరు," అంది. నాకు ఏడుపు ఆగలేదు. నేను ఏడుస్తుంటే తల్లీబిడ్డలిద్దరూ జొన్నల సంచి మూతి విప్పడంలో పడ్డారు.

కరీంనగర్‌లో వేలు తీసేశారు. కాలు దక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయి మంచం మా అవ్వ మంచం పక్కనే వేశాం. మొదటి వారం ఇద్దరూ కొత్త కోడళ్ళలాగా మర్యాదలు చేసుకున్నారు. తర్వాత మొదలయ్యింది. ఒకామెకు ఫ్యాన్ కావాలి, ఒకామెకు వద్దు. ఆయి తన జొన్నరొట్టె తప్ప మా అన్నం ముట్టదు. మా అవ్వేమో జొన్నరొట్టె గేదెల తిండి అంటుంది. "నువ్వు తినే అన్నం గొంతుల ఆగుతదా? నీళ్ళ లెక్క జారిపోతది. అందుకే జారిపడ్డవు," అని ఆయి అన్నప్పుడు మాత్రం మా అవ్వ నవ్వు దాచుకుంటూ దగ్గింది. ఊరికే కూర్చుని తినడం ఆయి వల్ల కాదు. కూర్చున్న చోటే ఎల్లిపాయలు ఒలిచేది, మా అవ్వ తల దువ్వేది, నా చీరలకు ఫాల్స్ కుట్టేది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ వాదన పెట్టుకున్నారు. పత్తి ఏరడం కష్టమా, కండెలు చుట్టడం కష్టమా అని. నన్ను తీర్పు చెప్పమన్నారు. రెండూ చేతకాని నేను చాయ్ పెట్టడానికి వెళ్ళాను.

బిడ్డ మాత్రం ఎవరి వాదనలోకీ వచ్చేది కాదు. పొద్దున మా అవ్వ పని అయ్యాక చేతులు కడుక్కుని, గాజుగుడ్డ డబ్బా తీసుకుని, వాళ్ళ ఆయి కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆ డబ్బా మా వీధి చివర మందుల దుకాణంలో దొరుకుతుంది. అయిపోతే నేను చెప్పులు వేసుకుని వెళ్ళి తెచ్చేదాన్ని. మా ఇంట్లో ఆ నెలల్లో నాకు ఎంతో నిమ్మళంగా ఉండేది. బడి నుంచి తొందరగా ఇంటికి రావాలని అంతకు ముందెప్పుడూ అనిపించలేదు.

మామిడికాయలు వచ్చే వేళకు పుండు పూర్తిగా పూడింది. డాక్టరు ఇక మూడు నెలలకోసారి చూపిస్తే చాలన్నాడు. ఆ సాయంత్రమే ఆయి, "మానింది గదా. ఇగ పోత," అంది. బిడ్డ నా వైపు చూడకుండా, "నేను గూడ పోతున్న అక్కా," అంది. "మల్ల ముల్లు గుచ్చుకుంటె ఆడ చూసేటోళ్ళు ఎవలు?"

నేను లేచి వంటింట్లోకి పోయాను. కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆయి మీద కాదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం. భైంసా ఏమైనా పరదేశమా? మా వీధి చివర దొరికేది అక్కడ ఎందుకు దొరకదు? ఒక్క సిస్టర్ నాలుగు ఊళ్ళు ఎందుకు తిరగాలి? నేను లోపల గిన్నెలు చప్పుడు చేస్తుంటే మా అవ్వ అరిచింది. "గిన్నెలేం చేసినయే? పోనియ్యి దాన్ని. నన్ను ఇన్ని దినాలు చూసుకున్నది. దాని అవ్వను అది చూసుకోవద్దా?" అని, గొంతు తగ్గించి, "నాకు ఫికర్ అయితది గని, పోనియ్యి," అంది.

మర్నాడు ఆయి గోడ పట్టుకోకుండా మా మెట్లు దిగింది. మా అవ్వ కిటికీలోంచి చూస్తుందని ఆమెకు తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు కానీ చివరి మెట్టు దగ్గర చేయి ఊపింది.

ఇప్పుడు నెలకోసారి గాజుగుడ్డ, పట్టీలు, మందులు బస్సు పార్శిల్‌లో పంపిస్తాను. ఆయి బిడ్డ భైంసాకు పోయి తెచ్చుకుంటుంది. "ఆయి మంచిగున్నది అక్కా. ఊరే మంచిగలేదు. ఎక్కడ కూసున్న కాళ్ళు చాపి చూపిస్తుండ్రు. భైంసాకు పొమ్మంటె ఎవలు పోతలేరు," అంటుంది ఫోన్‌లో. అందుకని పార్శిల్ కొంచెం పెద్దదయ్యింది.

ఆమె వెళ్ళిన వారానికి ఏజెన్సీ ఇంకొకామెను పంపింది. ఉట్నూరు దిక్కు మనిషి, ముప్పై ఏళ్ళుంటాయేమో. గడపలో సంచి పట్టుకుని నిలబడింది. మంచినీళ్ళిచ్చాను. తాగి గ్లాసు కింద పెట్టాక, మొదటామెను నేను ఏనాడూ అడగని మాట అడిగాను.

"మీ ఇంట్ల ముసలోళ్ళు ఎవలన్న ఉన్నరా?"

"లేరు మేడం," అంది గబుక్కున. "ఎవలు లేరు. నేను సెలవులు అడుగ."

సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆమె నా మొహం చూడలేదు. లోపల మంచం కిర్రుమంది.

"ఉన్నా ఏం కాదు, చెప్పు బిడ్డా," అంది మా అవ్వ.

ఆమె తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. "మా అత్త ఉన్నది మేడం," అంది నెమ్మదిగా. "ఒక్కతే ఉంటది. ఉన్నదని చెప్తె పని ఇయ్యరని తోటోళ్ళు చెప్పద్దన్నరు."

నేను ఆమె చేతిలో సంచి అందుకున్నాను. లోపలి నుంచి మా అవ్వ, మగ్గాల చప్పుడు మీద అరిచినట్టు అరిచింది.

"ఆమె కాళ్ళు ఎట్లున్నయో అడుగే ముందుగాల!"